అద్దె హాల్లో నడిచే చిన్న క్రైస్తవ సంఘం: వీల్‌చైర్‌లో వచ్చేవారికీ, ఆటిజం ఉన్న బాబుకీ ఏమేం చేయాలి?

హైదరాబాద్‌లో కాప్రా వైపు గ్రౌండ్ ఫ్లోర్‌లో అద్దె హాలు, 120 మంది విశ్వాసులు, గుమ్మం ముందు మూడు మెట్లు, వీల్‌చైర్‌లో వచ్చే ఒక పెద్దాయన, ఆటిజం ఉన్న తొమ్మిదేళ్ల బాబు. డబ్బు తక్కువ కాబట్టి ముందు ర్యాంపుకే పెట్టాలా అన్నది మీ ప్రశ్న. ర్యాంపు కావాల్సిందే. కానీ పైసా ఖర్చు లేకుండా ఈ ఆదివారమే చేయగలిగింది ఒకటుంది. సౌండ్ తగ్గించండి.

ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ వేసుకుని, పాటల సమయంలో బాబు కూర్చునే చోట పట్టుకుని చూడండి. లెక్క కాస్త అటూఇటూ అయినా సంగతి తెలుస్తుంది. అమెరికాలోని నియోష్ సంస్థ కార్మికులకు సిఫారసు చేసే హద్దు 8 గంటలకు 85 డెసిబెల్స్. మూడు పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది, అంటే 100 దగ్గర 15 నిమిషాలే. ఇది మామూలు చెవుల లెక్క. ఆటిజం ఉన్న చాలామందికి అంతకంటే చాలా తక్కువ సౌండే నొప్పిలా తగులుతుంది. 75 దగ్గర ఆపగలిగితే మంచిది.

"వెనక కూర్చోబెడితే సరిపోతుంది కదా" అంటారు. టైల్స్ నేల, ఖాళీ గోడలు, పైన రేకులు ఉన్న హాల్లో సరిపోదు. శబ్దం గోడలకు కొట్టుకుని తిరిగొస్తుంది, వెనక వరసలోనూ పెద్దగా తగ్గదు. వెనక గోడకు మందపాటి కర్టెన్లు కట్టండి. స్పీకర్లను గోడలవైపు కాకుండా మనుషులవైపు తిప్పి, వాల్యూమ్ దించండి. కీచుమని కూత రావడానికి కారణం మైకు స్పీకర్‌కి ఎదురుగా ఉండటం. పాడేవాళ్లు స్పీకర్ల వెనక నిలబడితే అది చాలావరకు పోతుంది. అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది మౌన ప్రార్థన అయిన వెంటనే డ్రమ్స్ ఒక్కసారిగా మొదలవడం. ముందు కీబోర్డు ఒక్కటే రెండు లైన్లు వాయించి, తర్వాత డ్రమ్స్ కలపమనండి. రాణిగంజ్ హార్డ్‌వేర్ షాపుల్లో ఫ్యాక్టరీ వాళ్లు వాడే ఇయర్‌మఫ్‌లు దొరుకుతాయి, రెండు జతలు గుమ్మం దగ్గర పెట్టండి. బాబు వాటిని ముందు ఇంట్లో పెట్టుకుని అలవాటు పడాలి. కొందరు పిల్లలు తలమీద ఆ బిగుతునే భరించలేరు.

తర్వాతి పని బొమ్మల అట్ట. పాటలు, ప్రార్థన, వాక్యం, కానుకలు, ఆశీర్వాదం, ఇంటికి వెళ్లడం: ఒక్కోదానికి ఒక బొమ్మ, వెల్క్రోతో అంటించి, అయిపోయినదాన్ని తీసేసేలా. ఆరాధన ఆ వరసలోనే జరగాలి, లేకపోతే అట్ట పెట్టి ప్రయోజనం లేదు. పాస్టర్ గారికి ఒక మనవి: "ముగించేస్తున్నాను" అన్నాక మరో అరగంట చెప్పకండి. పెద్దలు నవ్వుకుని సర్దుకుంటారు, ఆ బాబు మాత్రం మీ మాటను ఉన్నదున్నట్టు నమ్ముతాడు.

హాల్లో ఉండలేకపోయినప్పుడు బాబు బయటికి వెళ్లి కూర్చోవడానికి చిన్న గది చూడండి. చంటిపిల్లల తల్లులు కూర్చునే గది, కుర్చీలు పేర్చే స్టోరు, జనరేటర్ పక్క గది పనికిరావు. మిణుకుమనే ట్యూబ్‌లైటు తీసేయండి, రూమ్ ఫ్రెషనర్ కొట్టకండి, తలుపు గడియ పెట్టకండి. బాబు చెవులు మూసుకుని అరుస్తుంటే చుట్టూ చేరి ఓదార్చవద్దు. అది మొండితనం కాదు, భరించగలిగే హద్దు దాటిపోయిందని అర్థం. దారి వదిలి, మాటలు తగ్గించి, అలవాటైన ఒక్కరిని మాత్రమే దగ్గర ఉండనివ్వండి.

మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క కూర్చునే పద్ధతి ఉంటే దాన్నీ కాస్త సడలించాలి. బాబు రేపు పద్దెనిమిదేళ్లవాడైనా అమ్మ పక్కనే ఉండాలనుకోవచ్చు. తలుపు దగ్గర ఒక వరసను కుటుంబాలకని వదిలేయండి.

ఇక ర్యాంపు. కొలత 1:12, అంటే అంగుళం ఎత్తుకు 12 అంగుళాల పొడవు. ఆరంగుళాల మెట్లు మూడంటే 18 అంగుళాల ఎత్తు, దానికి 18 అడుగుల పొడవు కావాలి. ముందు అంత జాగా లేకపోతే మలుపు తిప్పి, మధ్యలో 5 అడుగుల చదును వదలాలి. ఆరడుగుల ప్లైవుడ్ చెక్క వేసి నెట్టేయడం ప్రమాదం, ఆ వాలులో కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. వెడల్పు 4 అడుగులు, రెండు వైపులా రెయిలింగు 30 నుంచి 36 అంగుళాల ఎత్తులో, అంచుకు చక్రం జారకుండా చిన్న గట్టు. పాలిష్ గ్రానైట్ వేయవద్దు, వానలో జారుతుంది. అద్దె స్థలం కాబట్టి ఓనర్‌తో మాట్లాడి, బోల్టులతో బిగించే ఇనుప ర్యాంపు చేయించుకుంటే హాలు మారినప్పుడు తీసుకెళ్లవచ్చు. దానిమీద ఇసుక కలిపిన పెయింటు వేయించండి. కట్టాక వచ్చే అసలు తలనొప్పి చెప్పులూ బైకులూ. చెప్పుల స్టాండు ర్యాంపుకి దూరంగా పెట్టండి. చక్రాలు తుడవడానికి తడిగుడ్డ ఉంచండి. కాలికి క్యాలిపర్ (నడవడానికి ఊతంగా కట్టుకునే పట్టీ) ఉన్నవాళ్లను బూట్లు విప్పమనకండి. లోపల ఒక వరస చివర కుర్చీ తీసేస్తే పెద్దాయన కుటుంబంతోపాటు కూర్చుంటారు, దారికి అడ్డంగా విడిగా కాదు. ప్రభువు బల్ల నాడు రొట్టె, ద్రాక్షరసం ఆయన దగ్గరికే తీసుకెళ్లండి. మింగడం కష్టమేమో ముందే ఆయన్నే అడగండి, వెనక నెట్టేవాళ్లను కాదు.

పాటల సాహిత్యం వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా టైపు చేసి పంపండి. డీటీపీ వాళ్లు వాడే పాత అను ఫాంట్‌లో కొట్టిన ఫైలైతే చూపులేనివాళ్ల ఫోన్ దాన్ని అర్థంలేని అక్షరాలుగా చదువుతుంది. ఫోన్లలో మామూలుగా టైపు చేసే యూనికోడ్ తెలుగు వాడండి.

సండే స్కూల్ టీచర్లకు సందేహాలుంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ నీపిడ్ ఉంది. మేధోపరమైన వైకల్యాల మీద 1984 నుంచీ పనిచేస్తోంది.

చివరగా, స్వస్థత ప్రార్థన. అడగకుండా తలమీద చేతులు వేయడం, అందరిముందు స్టేజీ మీదికి పిలవడం, "ఏ పాపమో" అనడం: కుటుంబాలు సంఘం మానేయడానికి మెట్లే కాదు, ఇవీ కారణం కావచ్చు. పాపం మాట ఎత్తేవాళ్లకు యోహాను సువార్త 9వ అధ్యాయం చూపించండి, పుట్టు గుడ్డివాడి విషయంలో అతని పాపమూ, తల్లిదండ్రుల పాపమూ కారణం కాదని యేసు చెప్పింది అక్కడే. మార్కు 10లో యేసు చూపులేని బర్తిమయిని ఏం చేయాలని కోరుతున్నావని ముందు అడిగాడు. ఆ ప్రశ్నే ఈ శనివారం రెండు ఇళ్లకూ ఫోన్ చేసి అడగండి. బాబునైతే వాళ్లమ్మ ద్వారా కాకుండా, కలిసినప్పుడు బొమ్మలు చూపించి నేరుగా అడిగి, జవాబు కోసం కాస్త ఆగండి.