17 పుస్తకాలు, కొన్ని డిసెంబర్లు

తల్లీ,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం చదివాను. జిమ్ బుచర్ రాసిన డ్రెస్డెన్ ఫైల్స్ మొదలుపెడదామని ఉంది గానీ 2020 దాకా వచ్చిన 17 నవలల వరస చూస్తేనే టెన్షన్‌గా ఉందన్నావు. ఆ పుస్తకాలు పట్టుకున్నప్పుడల్లా నేను క్రిస్మస్ సంగీతం ఎందుకు పెట్టుకుంటానని కూడా అడిగావు. నీకవి రెండు ప్రశ్నలు. నాకు మాత్రం రెండింటికీ జవాబు ఒకటే. ఇంత పొడుగు కథని ఒక్క ఊపులో పూర్తి చేసెయ్యకూడదు. ఏటా ఒకే కాలంలో, అవే పాటలతో దాని దగ్గరికి వెళ్లి కొన్నాళ్లు ఉండి రావాలి.

ఇది నాకు మొదటే తెలిసిన సంగతి కాదు. తొలిసారి నేను ఒక్క నెలలో పది పుస్తకాలు లాగించేశాను. రాత్రి రెండింటికి ఒకటి ముగించడం, లేచి నీళ్లు తాగి వచ్చి ఇంకొకటి తెరవడం. నెల తిరిగేసరికి అంతా కలగాపులగం. రెడ్ కోర్టు అనే వర్గం రక్తపిశాచులు ఎవరు, వైట్ కోర్టు వాళ్లు ఎవరు, ఎవరు ఎవరికి మాట బాకీ ఉన్నారు, ఏదీ గుర్తులేదు. ఒక మనిషి పోయినప్పుడు కళ్లనీళ్లు రావాల్సిన చోట, ఈయన ఎవరబ్బా అని వెనక్కి పేజీలు తిప్పుకున్నాను. రచయిత పదేళ్లు కూర్చుని పోగుచేసినదాన్ని నేను ముప్పై రోజుల్లో పారబోసుకున్నానని ఆ రోజు చాలా బాధపడ్డాను. మళ్లీ మొదటినుంచి చదవాల్సి వచ్చింది. ఆ రెండో చదువు డిసెంబరులో మొదలైంది. అప్పుడే ఈ పాటలు వచ్చి చేరాయి.

కథ చెప్పను, వాతావరణం మాత్రం చెప్తాను. షికాగో నగరంలో హ్యారీ డ్రెస్డెన్ అని ఒక మాంత్రికుడు. టెలిఫోన్ డైరెక్టరీలో ‘మాంత్రికులు’ అన్న శీర్షిక కింద ఉన్నది అతని పేరొక్కటే. పోలీసులకి అంతుపట్టని కేసు వస్తే అతనికి కబురు వెళ్తుంది. అర్బన్ ఫాంటసీలో నాకు నచ్చేదే అది. రాజులూ కోటలూ ఉన్న వేరే లోకానికి వెళ్లక్కర్లేదు. ఆఫీసులూ ట్రాఫిక్కూ అద్దె బకాయిలూ ఉన్న ఈ ఊళ్లోనే, ఒక్క పొర కింద మాయ ఉంటుంది.

నన్ను కట్టిపడేసింది అతని ఇల్లు. ఈ మాంత్రికులు దగ్గరికి వస్తే కొత్తరకం యంత్రాలు పాడైపోతాయి. హ్యారీ కంప్యూటరు పక్కన కాసేపు నిలబడ్డాడంటే దాని పని అయిపోయినట్టే. అందుకే అతనుండే సెల్లార్ గదుల్లో కరెంటు దీపం వెలగదు, వేణ్ణీళ్లు రావు. కొవ్వొత్తులు, చలిమంట, పాతకాలపు ఐస్‌బాక్సు, మిస్టర్ అనే పేరున్న బండెడు పిల్లి. చలికాలంలో కూడా ఆ గడ్డకట్టే నీళ్ల కిందే నిలబడి స్నానం చేస్తాడు. నడిపేది కూడా ఓ పాత వోక్స్‌వ్యాగన్ బీటిల్. ఎంత పెద్ద మంత్రం తెలిసినా సాయంత్రానికి కొవ్వొత్తి తనే వెలిగించుకోవాలి.

ఆ గదిలోకి నువ్వు మొదటిసారి అడుగుపెట్టేటప్పుడు చెవిలో హోరు ఉండకూడదు. 'సైలెంట్ నైట్' పెట్టుకో, అదీ ఒక్క గిటారు మీద వాయించినది. 1818 డిసెంబరు 24న ఆస్ట్రియాలోని ఓబెర్న్‌డోర్ఫ్ అనే చిన్న ఊరి చర్చిలో ఆ పాట మొదటిసారి వినిపించింది గిటారుతోనే. పాట రాసిన జోసెఫ్ మోర్ అక్కడ ఫాదరు, బాణీ కట్టిన ఫ్రాంజ్ గ్రూబర్ పక్క ఊరి బడి పంతులు. తర్వాత పెద్ద పెద్ద బృందాలు దాన్ని బ్రహ్మాండంగా పాడాయి గానీ, కొవ్వొత్తి వెలుగుకి సరిపోయేది ఆ మొదటి పద్ధతే.

చదివేటప్పుడు మాటలున్న పాట వద్దు. దీని మీద మాత్రం నేను గట్టిగా చెప్తాను. కంటితో ఒక వాక్యం, చెవిలో ఇంకో వాక్యం పడుతుంటే రెండూ చెడతాయి. పేజీ చివరికి వచ్చాక ఏం చదివామో తెలియదు. వాద్యాలే పెట్టుకో, సౌండు తగ్గించి, పక్క గదిలోంచి వినిపిస్తున్నంత. మాటలున్న పాటలు పుస్తకానికీ పుస్తకానికీ మధ్య విను. ఒకటి ముగించగానే ఇంకొకటి అందుకోకుండా ఒకటి రెండు రోజులు ఆగు. ఆ రోజుల్లో ఇంట్లో పనిచేసుకుంటూ, నడుస్తూ, గొంతెత్తి పాడుకుంటూ విను. కథ లోపల సర్దుకోవడానికి ఆ గ్యాప్ కావాలి.

నాలుగో పుస్తకం, 2002లో వచ్చిన సమ్మర్ నైట్‌కి చేరాక నా మాటగా ఒక పని చెయ్యి. చలికాలపు ఫెయిరీల రాణి మాబ్ హ్యారీకి మొదటిసారి ఎదురుపడేది అందులోనే. అందంగా ఉంటుంది, నవ్వుతుంది, ఆ నవ్వు చూస్తే వెన్నులో చలి పుడుతుంది. ఆ అధ్యాయానికి ముందు రష్యన్ సంగీతకారుడు చైకోవ్‌స్కీ బాలే 'నట్‌క్రాకర్'లో షుగర్ ప్లమ్ ఫెయిరీ నాట్యం ఒకసారి విను. రెండు నిమిషాలే. గాజు ముక్కలు మెల్లగా రాలుతున్నట్టు వినిపించే ఆ వాద్యం పేరు చెలెస్టా. చైకోవ్‌స్కీ 1891లో పారిస్‌లో దాన్ని విని, తనకంటే ముందు వేరే సంగీతకారులు వాడేస్తారేమోనని గుట్టుగా రష్యాకి తెప్పించుకున్నాడు. 1892లో ఆ బాలే వేదికెక్కింది. పిల్లల పండగ సంగీతం అంటారు గానీ జాగ్రత్తగా వింటే ఆ తీపి లోపల ఒక వణుకు ఉంది. మాబ్ మాట్లాడుతుంటే నాకు ఇప్పటికీ ఆ మెరుపు చప్పుడే వినిపిస్తుంది.

వేటలూ పరుగులూ ఉన్న చోట 'కేరల్ ఆఫ్ ద బెల్స్' పెట్టుకో. నాలుగే నాలుగు స్వరాలు, గిర్రున తిరిగి తిరిగి వస్తాయి, ఒక్కో చుట్టుకీ పైన ఇంకో గొంతు ఎక్కుతుంది. ఆ బాణీ నిజానికి యుక్రెయిన్‌ది. మికోలా లెయొంతోవిచ్ 1916లో ‘షెద్రిక్’ అన్న జానపద పాటకి కూర్చినది. అందులో గంటలే లేవు తల్లీ. ఒక పిచ్చుకలాంటి పక్షి ఇంట్లోకి ఎగిరొచ్చి, కొత్త ఏడు మీకు కలిసొస్తుందని ఇంటాయనకి చెప్పడమే ఆ పాట. గంటలు 1936లో ఇంగ్లిష్ మాటలతో వచ్చి చేరాయి. లెయొంతోవిచ్‌ని 1921 జనవరిలో సోవియట్ ఏజెంటు ఒకడు కాల్చి చంపాడు. ఇది తెలిశాక నేను ఆ పాటని షాపుల్లో వినిపించే పాటలా వినలేకపోయాను.

షాపులంటే గుర్తొచ్చింది. నవంబరు మొదలైన దగ్గర్నుంచీ ఎక్కడికెళ్లినా అవే పాటలు చెవిలో పోస్తారు. డిసెంబరు వచ్చేలోగా విసుగు పుట్టేస్తుంది. కుదిరినంత వరకు చెవులు కాపాడుకో. నేను డిసెంబరు 1 దాకా ఇంట్లో ఒక్క పండగ పాట కూడా పెట్టను. పుస్తకం కూడా ఆ రోజే బీరువాలోంచి తీస్తాను. ఇంకో సంగతి, 25తో ఆపెయ్యకు. పాత లెక్కలో క్రిస్మస్ ఆ రోజు మొదలై పన్నెండు రోజులు నడుస్తుంది. హడావుడి అయిపోయి ఇల్లు నిమ్మళించే ఆ రోజుల్లోనే చదువు బాగా సాగుతుంది. నువ్వున్న చోట చలి లేదని బెంగపడకు. ‘ద క్రిస్మస్ సాంగ్’ అని నాట్ కింగ్ కోల్ పాడినది ఉంది చూశావా, దాన్ని రాసింది 1945 వేసవిలో, ఎండ మండిపోతున్న రోజున. చలిని తలుచుకుంటే కాస్త చల్లబడతామని రాసుకున్న మాటలే పాటయ్యాయి.

ఎక్కడ మొదలుపెట్టాలంటావా, మొదటి పుస్తకంతోనే. మూడో పుస్తకం నుంచో నాలుగో పుస్తకం నుంచో మొదలుపెట్టమని చాలామంది చెప్తారు. వాళ్లు చెప్పేదాంట్లో నిజం లేకపోలేదు. స్టార్మ్ ఫ్రంట్ అచ్చయింది 2000లో అయినా, జిమ్ బుచర్ దాన్ని రాసింది 1996లో, యూనివర్సిటీలో నవలా రచన నేర్చుకునే రోజుల్లో. చెయ్యి ఇంకా కుదురుకోలేదని తెలుస్తూనే ఉంటుంది. ఆ తొలి పుస్తకాల్లో ఆడవాళ్లని వర్ణించే తీరు నాకు చిరాకు తెప్పించింది, నీకూ తెప్పిస్తుంది. అయినా దాటెయ్యొద్దంటాను. హ్యారీ తడబడే రోజులు చూడకపోతే తర్వాత అతను మోసే బరువు నీకు అందదు. నాలుగో పుస్తకం ముగించాక కూడా మనసుకి పట్టకపోతే అప్పుడు మొహమాటం లేకుండా ఆపెయ్యి.

ఏడాదికి నాలుగు పుస్తకాలు చాలు. అయితే రెండు చోట్ల ఈ లెక్క పక్కన పెట్టాలి. పన్నెండోది చేంజెస్. అది ముగిసే తీరుకి ఆ రాత్రి నిద్రపట్టదు. మేము 2010 ఏప్రిల్‌లో దాన్ని చదివి, తర్వాతి పుస్తకం కోసం 2011 జులై దాకా ఎదురుచూశాం. నువ్వు అంత పడక్కర్లేదు. పదమూడోది పక్కనే పెట్టుకుని కూర్చో. అలాగే పదహారూ పదిహేడూ విడదీయకు. ఒకే పుస్తకంగా మొదలై పెద్దదైపోయి రెండయ్యాయి. 2020 జులైలో ఒకటి, సెప్టెంబరులో ఒకటి వచ్చాయి. వాటికి ముందు మాకు ఆరేళ్ల నిరీక్షణ. 2014 నుంచి కొత్త నవల లేకుండా గడిపిన ఆ ఆరు డిసెంబర్లలోనే పాతవి నాకు కంఠతా వచ్చాయి.

పదోది, స్మాల్ ఫేవర్, మాత్రం సెలవుల నడిమధ్యలో వచ్చేలా చూసుకో. మంచుముద్దలు విసురుకునే ఆటతో మొదలవుతుంది, కథంతా షికాగో మంచులోనే. ఏడోది డెడ్ బీట్ చదివేటప్పుడు సంగీతం పూర్తిగా కట్టెయ్యి. అందులో పోల్కా డప్పు ఒకటి మోగుతుంది, దాని దెబ్బ నీకు పేజీలోంచే వినపడాలి. అంతకుమించి చెప్పను.

చెప్పకపోవడానికి కారణం ఉంది. చేంజెస్‌లో ఏమవుతుందో నాకు ఒకాయన మాటల మధ్య నోరు జారి చెప్పేశాడు, నేనింకా తొమ్మిదో పుస్తకంలో ఉండగా. ఆయన తప్పని కాదు, నేను చదివేశాననుకున్నాడు. కానీ ఆ దెబ్బ నాకు తగలాల్సిన చోట తగల్లేదు, ఆ లోటు ఎన్నిసార్లు చదివినా తీరలేదు. నువ్వు ఎన్నో పుస్తకంలో ఉన్నావో ఎవరితో మాట్లాడినా ముందే చెప్పెయ్యి. పాత్ర పేరు కొట్టి ఫోన్లో వెతకడం అసలే వద్దు. పేరు పక్కనే ఎప్పుడు పోయాడో కూడా రాసి ఉంటుంది.

దానికి బదులు పోస్టుకార్డు అంత అట్టముక్క ఒకటి దగ్గర పెట్టుకో. నా అట్ట మీద పెన్సిలుతో కొన్ని వరసలు ఉంటాయి: వైట్ కౌన్సిల్ మాంత్రికులు, వేసవి ఫెయిరీలు, చలికాలపు ఫెయిరీలు, రక్తపిశాచుల కోర్టులు. కొత్త పేరు తగలగానే దాని వరసలో రాసి, పక్కన రెండు మాటలు. కిందిభాగంలో తేదీ, అధ్యాయం, ఆ వేళ మోగుతున్న పాట. ‘డిసెంబరు 19, 14వ అధ్యాయం, చెలెస్టా’ అని ఒకచోట ఉంది, పక్కన కొవ్వొత్తి మైనం చుక్క. ఆ మధ్య ఎక్కడో దారిలో ఆ బాణీ వినపడితే, నేను ఆ పేజీలో ఎక్కడున్నానో, కిటికీ ఎటు ఉందో కూడా గుర్తొచ్చింది.

కళ్లు అలిసిపోతే ఆడియో విను. జేమ్స్ మార్‌స్టర్స్ చదువుతాడు. మొదటి పుస్తకాల్లో ఊపిరి పీల్చుకోవడం కూడా వినిపిస్తుంది, పోనుపోను హ్యారీ గొంతే అతనిదైపోతుంది. పదమూడో పుస్తకాన్ని మొదట వేరొకరు చదివారు. అభిమానుల మనసు ఒప్పలేదు, తర్వాత మార్‌స్టర్స్ చేతే మళ్లీ చదివించారు. నువ్వు మార్‌స్టర్స్ చదివినదే తెచ్చుకో. ఆడియో వింటున్నంతసేపు ఇంకే సంగీతమూ వద్దని వేరే చెప్పక్కర్లేదు కదా.

ఇంకొకటి. హ్యారీ మీద బుచర్ రాసిన ‘క్రిస్మస్ ఈవ్’ అని చిన్న కథ ఉంది, 2018 డిసెంబరులో వచ్చింది. పేరు చూసి, చిన్నదే కదా, సీజన్ కూడా అదే కదా అని ముందే చదవాలనిపిస్తుంది. వద్దు. అందులో హ్యారీ అర్ధరాత్రి కూర్చుని ఒక సైకిలు బిగిస్తుంటాడు, అంతే. నీకిప్పుడు అది సైకిలు బిగించడమే. అన్నీ చదివాక ఆ రాత్రి అతని చేతిలో ఏముందో తెలుస్తుంది. నేను చదివినప్పుడు పుస్తకం ఒళ్లో పెట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయాను, రికార్డు అయిపోయిన సంగతి కూడా చూసుకోలేదు.

మొదటి నాలుగు పుస్తకాలూ ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను. నా అట్ట స్టార్మ్ ఫ్రంట్‌లోనే ఉండిపోయింది, తియ్యలేదు. ముందువైపు నా రాత చదవకు, అందులో తర్వాతి పుస్తకాల పేర్లున్నాయి. వెనకవైపు ఖాళీగా ఉంది, అది నీది. పదిహేడోది మాత్రం నా దగ్గరే ఉంచుకుంటున్నాను. ఆ సైకిలు కథ దాని చివర్లోనే అచ్చయింది. పదహారు పూర్తి చేశానని రాసిన రోజున పంపుతాను.

మీ పెద్దమ్మ