తూకానికి ముందు తిండి: కుస్తీ, జూడో క్రీడాకారుల ఆహారంపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మాది నాందేడ్ జిల్లా దేగ్లూర్. మా అబ్బాయికి 15 ఏళ్లు. రెండేళ్లుగా ఊళ్లోని తాలింలో (కుస్తీ శిక్షణశాలలో) కుస్తీ నేర్చుకుంటున్నాడు. బరువు 54 కిలోలు. వచ్చే నెల పోటీల్లో 51 కిలోల విభాగంలో దిగితే పతకం ఖాయమని వస్తాదు గారు అన్నారట. అప్పటి నుంచి రాత్రి అన్నం మానేశాడు. ఎండలో ప్లాస్టిక్ జాకెట్ వేసుకుని పరుగెత్తుతున్నాడు. నీళ్లిస్తే పుక్కిలించి ఉమ్మేస్తున్నాడు. మొన్న తాలిం నుంచి వస్తూ కళ్లు తిరిగి పడిపోయాడు. ఏమన్నా అంటే "నీకు తెలియదులే అమ్మా" అంటున్నాడు. నేనేం చేయాలి?
– ఒక తల్లి, దేగ్లూర్

జవాబు: అమ్మా, ఆ ప్లాస్టిక్ జాకెట్‌ను ఈ రోజే మాన్పించండి. కళ్లు తిరిగి పడిపోయిన పిల్లవాడిని డాక్టరుకు చూపించి, రక్తపోటు, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించి, ఆయన సరేనన్న తర్వాతే మళ్లీ తాలింకు పంపండి. పతకం సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

జాకెట్ వేసుకుని పరుగెత్తితే పోయేది కొవ్వు కాదు, నీరు. ఒక లీటరు చెమట కారితే తూకంలో ఒక కిలో తగ్గుతుంది కాబట్టి, పిల్లలకు అది బ్రహ్మాండంగా పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది. కానీ నీరు తగ్గినకొద్దీ రక్తం పరిమాణం తగ్గి గుండె మరింత వేగంగా కొట్టుకోవలసి వస్తుంది. ప్లాస్టిక్ లోపల చెమట ఆరదు కనుక ఒంటి వేడి బయటికి పోదు. శరీర బరువులో రెండు శాతం నీరు పోతేనే ఓపిక తగ్గడం మొదలవుతుంది. మీ అబ్బాయి తగ్గించుకోవాలనుకుంటున్నది ఐదు శాతం కంటే ఎక్కువ. 1997 నవంబరు, డిసెంబరు నెలల్లో అమెరికాలో ముగ్గురు కాలేజీ మల్లయోధులు ఇదే పద్ధతిలో, వేడి గదుల్లో, చెమట పట్టించే దుస్తుల్లో వ్యాయామం చేస్తూ చనిపోయారు. ఆ తర్వాతే అక్కడి కాలేజీ పోటీల్లో అలాంటి దుస్తులను, ఆవిరి గదులను నిషేధించారు. మిమ్మల్ని భయపెట్టాలని ఇది చెప్పడం లేదు. మీ అబ్బాయి పడిపోవడం చిన్న విషయం కాదని మీవారికీ, వస్తాదు గారికీ కూడా తెలియాలని చెబుతున్నాను. మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మాత్రలను ఎవరైనా ఇస్తే అసలు ముట్టనివ్వకండి. అవి ప్రాణానికి ముప్పు, పైగా ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ నిషేధిత జాబితాలో ఉన్నవి.

ఇక విభాగం విషయం. అండర్-17 ఫ్రీస్టైల్‌లో 48, 51, 55, 60 కిలోల విభాగాలు ఉన్నాయి. 54 కిలోల పిల్లవాడు 55లో హాయిగా ఆడగలడు. ఎత్తు పెరిగే వయసులో తిండి తగ్గిస్తే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది, ఎముక గట్టిపడే అవకాశం దెబ్బతింటుంది. అందువల్ల ఎదిగే పిల్లలు పోటీ కోసం బరువు తగ్గించుకోకూడదన్నదే నా గట్టి అభిప్రాయం. పెద్దవాళ్ల సంగతే చూడండి. అంతకుముందు 53 కిలోల్లో ఆడిన వినేశ్ ఫోగట్ 2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్‌లో 50 కిలోల విభాగంలో ఫైనల్‌కు చేరి కూడా, రెండో ఉదయం తూకంలో 100 గ్రాములు ఎక్కువ ఉండటంతో అనర్హురాలయ్యారు. రాత్రంతా పక్కన నిపుణులు ఉండి ప్రయత్నించినా ఆ 100 గ్రాములు దిగలేదు. అంతర్జాతీయ కుస్తీలో ఇప్పుడు ఒక్కో విభాగం రెండు రోజులు సాగుతుంది, రెండు ఉదయాలూ తూకం ఉంటుంది. తూకానికీ కుస్తీకీ మధ్య కొద్ది గంటలే దొరుకుతాయి. ఐదు శాతం నీరు పోగొట్టుకున్న ఒళ్లు అంతలో కోలుకోదు. అంటే 51లో దిగిన మీ అబ్బాయి నిజానికి తన బలంతో ఆడడు.

వాడికి కావలసింది సరైన తిండి. ఈ వయసులో ఇంత కసరత్తు చేసే పిల్లవాడికి కిలో బరువుకు సుమారు 1.6 గ్రాముల చొప్పున రోజుకు 85 గ్రాముల మాంసకృత్తులు చాలు. అందుకు డబ్బాల్లో అమ్మే పొడి అక్కర్లేదు. మూడు గుడ్లలో 18 గ్రాములు, అర లీటరు పాలలో 16, గిన్నెడు పెరుగులో 7, 50 గ్రాముల పల్లీలలో 12, మూడు జొన్న రొట్టెల్లో 15, రెండు పూటలా కలిపి 60 గ్రాముల కందిపప్పులో 13 వస్తాయి. మిగిలిన కొద్దిపాటి అన్నంలోనూ కూరల్లోనూ దొరుకుతుంది. రాత్రి భోజనం తప్పనిసరిగా పెట్టండి. సాయంత్రం జోర్ (కుస్తీ సాధన) చేసి వచ్చిన కండరాలు బాగుపడేది ఆ పూట తిన్నదానితోనే. సాధనకు ముందూ తర్వాతా తూచుకోమనండి. ఎన్ని కిలోలు తగ్గితే అంతకు ఒకటిన్నర రెట్లు లీటర్ల నీళ్లు గానీ, ఉప్పు వేసిన పల్చని మజ్జిగ గానీ నిద్రపోయేలోపు విడతలుగా తాగాలి. చెమటతో పోయిన ఉప్పు కూడా తిరిగి రావాలి కనుక మజ్జిగే మేలు.

వస్తాదు గారితో గొడవ పెట్టుకోవద్దు. ఆయనకూ మీ అబ్బాయి గెలవాలనే ఉంటుంది. "వచ్చే ఏడాదికి వీడు 60కి ఎదుగుతాడు, ఇప్పుడు 55లో అనుభవం రానివ్వండి" అని ఇంటి పెద్దవాళ్లతో చెప్పించండి, ఆయన వింటారు.

ప్రశ్న: నా వయసు 19. బల్లార్‌పూర్‌లో ఉంటాను. జూడోలో 52 కిలోల విభాగంలో ఆడుతున్నాను. మామూలుగా 54 ఉంటాను. ప్రతి పోటీకీ ముందు వారం రోజులు దోసకాయలు, టీతోనే గడిపి దిగిపోతాను. మూడు నెలలుగా నెలసరి రావడం లేదు. పోటీల ఒత్తిడి వల్లేనని స్నేహితురాళ్లు అంటున్నారు. తూకం ముందు రోజు సాయంత్రం అయిపోతుంది కదా, రాత్రి కడుపు నిండా తింటే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, చంద్రాపూర్ జిల్లా

జవాబు: నెలసరి మూడు నెలలు ఆగడాన్ని ఒత్తిడి అని వదిలేయకండి. చేసే వ్యాయామానికి తగినంత తిండి చాలా కాలం అందకపోతే, శరీరం ఉన్న కొద్ది శక్తినీ గుండెకూ మెదడుకూ దాచిపెట్టి, సంతానానికి సంబంధించిన హార్మోన్లను తగ్గించేస్తుంది. అలా ఈస్ట్రోజెన్ తగ్గితే ఎముకలు పలచబడతాయి. జూడోలో రోజూ నేలమీద పడే మీకు అది ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు. స్త్రీల వైద్యురాలిని కలిసి, గర్భం, థైరాయిడ్, రక్తహీనత వంటి ఇతర కారణాలు ఉన్నాయేమో కూడా చూపించుకోండి. నెలసరి మళ్లీ క్రమంగా వచ్చేదాకా బరువు తగ్గించే ఆలోచనే పెట్టుకోకండి. ఈ సీజన్‌కు 57లో ఆడండి. మూడు కిలోల తేడా ఉంటుందని జంకకండి. కడుపు నిండా తిని, నిద్రపోయి వచ్చిన 54 కిలోల అమ్మాయి, వారం ఎండిపోయి 52కు దిగిన అదే అమ్మాయి కంటే బాగా పట్టు పట్టగలదు.

టీ గురించి ఒక మాట. భోజనంతో పాటు టీ తాగితే పప్పులో, ఆకుకూరల్లో ఉన్న ఇనుము ఒంటికి సరిగా పట్టదు. గంట ఆగి తాగండి. పప్పులో నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా అందుతుంది.

ఆరోగ్యం కుదుటపడి, వైద్యురాలు ఒప్పుకున్న తర్వాత ఎప్పుడైనా 52కు రావాలనిపిస్తే, వారానికి అరకిలో కంటే మించకుండా, పోటీకి ఐదారు వారాల ముందే మొదలుపెట్టాలి. తగ్గించవలసింది నూనె, తీపి, బయటి చిరుతిండ్లు. పప్పు, గుడ్లు, పెరుగు తగ్గించకూడదు. చివరి రెండు మూడు రోజులు మాత్రం జొన్న రొట్టె, ఆకుకూరలు, మొలకలు పక్కన పెట్టి తెల్లన్నం, పెరుగు, గుడ్లు, అరటిపండు తింటే పేగుల్లో పీచు తక్కువగా నిలుస్తుంది. అన్నం మానకుండానే తూకంలో అరకిలో దాకా తేడా కనిపించవచ్చు. మీ జిల్లా వేసవిలో దాహంతో ఉండి సాధన చేయడం మాత్రం ఎప్పుడూ వద్దు.

తూకం తర్వాత రాత్రి అంతా ఒక్కసారి తినకూడదు. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం పోటీ రోజు ఉదయం కొందరిని మళ్లీ తూస్తారు, విభాగం బరువు కంటే 5 శాతానికి మించి ఉండకూడదు. 52 కిలోలకు అది 54.6. కుస్తీవాళ్లకు లేని వెసులుబాటు మీకు ఒక రాత్రి ఉంది కనుక, తూకం దిగగానే ఓఆర్ఎస్ కలిపిన నీళ్లు నెమ్మదిగా తాగి, గంట తర్వాత అన్నం, పప్పుచారు, పెరుగు తిని, పడుకునే ముందు అరటిపండు, పాలు తీసుకోండి. బిర్యానీ, వేపుళ్లు గెలిచిన తర్వాత తినవచ్చు.

ప్రశ్న: నేను బిలోలి దగ్గర ఒక తాలిం నడుపుతున్నాను. మా గురువుల కాలం నుంచి ఖురాక్ అంటే నెయ్యి, పాలు, బాదం, ఠండాయి. ఇప్పటి పిల్లలు పొడి డబ్బాలు అడుగుతున్నారు. ఏది మంచిది?
– ఒక వస్తాదు, నాందేడ్ జిల్లా

జవాబు: అయ్యా, మీ గురువుల ఖురాక్ తప్పు కాదు. అది మట్టి కుస్తీకి, మాళెగావ్ జాతర వంటి చోట జోడీని కంటితో చూసి కట్టే పోటీలకు, రోజూ వందల దండీలు, బస్కీలు తీసే ఒళ్లకు పుట్టింది. అక్కడ బరువు పెరగడమే లాభం. మ్యాట్ మీద ఆడే పిల్లవాడు గ్రాములతో సహా తూగాలి. 100 గ్రాముల నెయ్యిలో దాదాపు 900 కేలరీలు ఉంటాయి, కండ కట్టే మాంసకృత్తులు మాత్రం లేవు. నెయ్యిని రోజుకు రెండు మూడు చెంచాలకు తగ్గించి, పాలు, నానబెట్టిన బాదం అలాగే ఉంచి, గుడ్లు గానీ సోయా గింజల వడియాలు గానీ చేర్చండి. సోయా వడియాల్లో సగం బరువు మాంసకృత్తులే, ధర కూడా తక్కువ. డబ్బాల్లో ఏం కలిపారో లేబుల్ పూర్తిగా చెప్పదు. కలుషితమైన పొడి వల్ల డోపింగ్ పరీక్షలో దొరికినా శిక్ష ఆటగాడికే పడుతుంది. తాలింలో ఒక తూకం మిషన్, గోడకు కట్టిన ఒక నోటుపుస్తకం పెట్టి, ప్రతి పిల్లవాడి ఉదయపు బరువు రాయించండి. ఎవరి బరువైనా వారంలో కిలో పైగా పడిపోతే వాడిని పక్కకు పిలిచి, నిన్న రాత్రి ఏం తిన్నావని మీరే అడగండి.