స్కూలుకి ‘ఏ’ వస్తే మనవాడికి ఒరిగేదేంటి? – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మేం టెక్సాస్‌లో ఉంటాం. ఇల్లు కొందామని రెండు ఏరియాలు చూశాం. ఒక చోట ఎలిమెంటరీ స్కూలుకి స్టేట్ రేటింగులో ‘ఏ’ ఇచ్చింది, రెండో చోట ‘బి’. తీరా ఇళ్ల సైట్లో చూస్తే ‘ఏ’ స్కూలుకి పదికి ఆరు, ‘బి’ స్కూలుకి ఎనిమిది! మావారు ఎనిమిది ఉన్న చోటే అంటున్నారు. ఇంకో సంగతి, మా అబ్బాయికి మూడో తరగతిలో స్టేట్ పెట్టే స్టార్ (STAAR) పరీక్షలో రీడింగ్‌లో ‘అప్రోచెస్’ వచ్చింది. పాసయినట్టే అన్నారు. క్లాసు గ్రేడ్లు చూస్తే అన్నీ ‘ఏ’లే. ఏది నమ్మాలో తెలియట్లేదు. – ఒక తల్లి

జవాబు: ముందు ఆ ఎనిమిది సంగతి. అది ప్రభుత్వం ఇచ్చిన మార్కు కాదండీ. ఇళ్ల సైట్లలో మామూలుగా కనిపించే పదికిన్ని అనే రేటింగు గ్రేట్‌స్కూల్స్ అనే సంస్థది. స్టేట్ విడుదల చేసిన లెక్కలే తీసుకుని తన పద్ధతిలో కలిపి ఇస్తుంది. లెక్క కట్టే తీరు వేరు కాబట్టి రెండూ తేడాగా ఉండటంలో వింతేమీ లేదు.

ఇక స్టేట్ ఇచ్చే అక్షరం. టెక్సాస్‌లో మూడు విషయాలు చూస్తారు: పిల్లలు ఎన్ని మార్కులు తెచ్చుకున్నారు, పోయినేటి కంటే ఎంత ఎదిగారు, వెనకబడిన వర్గాల పిల్లలు మిగతావాళ్లను అందుకుంటున్నారా లేదా. మొదటి రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి 70 శాతం, మూడోదానికి 30 శాతం. అంటే మార్కులు ఓ మోస్తరుగా ఉన్నా పిల్లల్ని బాగా ముందుకు లాక్కొచ్చిన స్కూలుకి ‘ఏ’ రావొచ్చు. అమ్మానాన్నలు బాగా చదువుకుని, కిండర్‌గార్టెన్‌కి ముందే పిల్లలకి చదవడం నేర్పేసి, ఆపైన ట్యూషన్లకి కూడా పంపే చోట స్కూలు పెద్దగా కష్టపడకపోయినా మార్కులు వస్తాయి (మన వాళ్లు ఎక్కువగా ఉండే సబర్బుల్లో జరిగేది ఇదే, ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా). నన్నడిగితే ఎదుగుదల అంకె ముందు చూస్తాను, మొత్తం మార్కులు తర్వాత.

మార్కుల లెక్కలోనూ ఒక మెలిక ఉంది. స్టార్‌లో నాలుగు మెట్లు: డిడ్ నాట్ మీట్, అప్రోచెస్, మీట్స్, మాస్టర్స్. ‘మా స్కూల్లో 80 శాతం పాస్’ అని ఎవరైనా అంటే అది అప్రోచెస్, ఆ పైన వచ్చిన వాళ్ల లెక్క అయ్యుంటుంది. తరగతి స్థాయిలో ఉన్నట్టు లెక్క మీట్స్ నుంచే. ఊరికే ఉదాహరణకి, ఒక ఎలిమెంటరీలో 80 శాతం అప్రోచెస్ దాటారు, 50 శాతం మీట్స్ దాటారు, 20 శాతం మాస్టర్స్ అనుకోండి. మూడూ కలిపి మూడుతో భాగిస్తే 50. ఆ 50ని మళ్లీ వందకి స్కేల్ చేసి అక్షరం ఇస్తారు. ఒకే స్కూలుని 80 అనొచ్చు, 50 అనొచ్చు, 20 అని కూడా అనొచ్చు, చెప్పేవాళ్ల అవసరాన్ని బట్టి. అందుకే స్టేట్ వాళ్ల సైట్లో ఆ స్కూలు పేజీ తెరిచి మీట్స్ శాతం మీరే చూసుకోండి. ఏ సంవత్సరానిదో కూడా చూడండి, ఎందుకంటే మధ్యలో కోర్టు కేసుల వల్ల రేటింగులు ఆగిపోయి, 2023వి 2025 ఏప్రిల్‌లో, 2024వి 2025వి కలిపి ఆ ఆగస్టులో బయటికొచ్చాయి.

ఇప్పుడు మీ అబ్బాయి. నేనైతే ఇంటి కంటే దీని గురించే ఎక్కువ ఆలోచిస్తాను. క్లాసు గ్రేడులో హోంవర్కు, ప్రాజెక్టులు, మళ్లీ రాసిన టెస్టులు అన్నీ కలిసుంటాయి, పిల్లాడు బుద్ధిగా పని చేస్తే ‘ఏ’ వస్తుంది. స్టార్ ఒక్క రోజు పరీక్షే అయినా రాష్ట్రమంతటికీ ఒకటే గీత. చాలామందికి తెలియని సంగతి, చట్టప్రకారం స్కూలు తప్పనిసరిగా ఇవ్వాల్సిన అదనపు బోధన డిడ్ నాట్ మీట్ వచ్చిన పిల్లలకే. అప్రోచెస్ వాళ్లు పాసయ్యారు కాబట్టి, ఎవరూ పట్టించుకోకపోయినా రూల్ ప్రకారం తప్పు కాదు! రిపోర్టు మీద ఉన్న కోడ్‌తో స్టేట్ వాళ్ల ఫ్యామిలీ పోర్టల్‌లోకి వెళ్తే ఏ ప్రశ్నకి వాడు ఏం రాశాడో కనిపిస్తుంది. కథల్లో తప్పాడా, సమాచార పాఠాల్లోనా, రాసి జవాబివ్వాల్సిన చోటా అన్నది చూసుకుని టీచర్ దగ్గరికి వెళ్లండి. స్కూల్లో పిల్లల ఎదుగుదల కొలిచే మ్యాప్ లాంటి టెస్టు ఏడాదికి రెండు మూడుసార్లు పెడుతుంటే ఆ అంకెలు కూడా అడగండి, పెరుగుతున్నాయా లేదా తేలిపోతుంది.

ప్రశ్న: కాలిఫోర్నియా వచ్చాం. కిండర్‌గార్టెన్ ఫారంలో ఇంట్లో ఏ భాష అని అడిగారు. తెలుగు అని రాస్తే పాపని ఇంగ్లిష్ రాని పిల్లల్లో వేసేస్తారని అందరూ భయపెడుతున్నారు. ఇంగ్లిష్ అని రాసేయమంటారా? – ఒక తండ్రి

జవాబు: ఉన్నదే రాయండి. తెలుగు అని రాయగానే ఎక్కడా వేసేయరు, ముందు ఇంగ్లిష్ ఎంత వచ్చో చూసే ఎల్‌పాక్ అనే పరీక్ష పెడతారు. బాగా చేస్తే ఇంగ్లిష్ వచ్చిన పిల్లగానే నమోదవుతుంది, కథ అక్కడితో సరి. చేయకపోతే ‘ఇంగ్లిష్ లెర్నర్’గా నమోదు చేసి సాయం ఇస్తారు. ఆ సాయం వద్దనే హక్కు మీకుంది, కానీ ఏటా పరీక్ష మాత్రం తప్పదు, స్థాయి అందుకునేదాకా రాయాల్సిందే. చదువులో ముందున్న పిల్లల కోసం పెట్టే గిఫ్టెడ్ క్లాసుకి ఈ ముద్ర అడ్డు కాకూడదు. పైగా 2015 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం ఇలాంటి పిల్లలు ఇంగ్లిష్‌లో ఎంత ముందుకెళ్లారో రాష్ట్రాలు స్కూళ్లను అంచనా వేసేటప్పుడు లెక్కలోకి తీసుకోవాలి. స్కూళ్ల పనితీరు చూపే కాలిఫోర్నియా డాష్‌బోర్డు అనే స్టేట్ సైట్లో ఎరుపు (అన్నిటికంటే కింద) నుంచి నీలం (అన్నిటికంటే పైన) దాకా ఐదు రంగులుంటాయి, అందులో ఇంగ్లిష్ లెర్నర్ ప్రోగ్రెస్ అని ఒక గడి ఉంటుంది. మీ స్కూలుకి అక్కడ ఎరుపో నారింజో ఉంటే, మీ పాపకి ఏం సాయం చేస్తారో వివరంగా అడిగి రాయించుకోండి.