కలం సాగని రోజుల గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం మొన్న సాయంత్రం అందింది. ఆరు పేజీల్లో మొదటి నాలుగూ నవల ఆగిపోయిందని, కాగితం ముందు కూర్చోవాలంటేనే విసుగు పుడుతోందని, రచన నీకు అచ్చిరాదేమోనని రాశావు. చివరి రెండు పేజీల్లో మాత్రం, నీకు తెలియకుండానే, అసలు సంగతి బయటపెట్టావు. ఉద్యోగంలో మీదపడిన అదనపు పని, నాన్నగారి కంటి ఆపరేషన్, పత్రికకు ఇస్తానన్న కథ, స్నేహితురాలికి ఇవ్వవలసిన జవాబు, సగంలో వదిలేసిన పరీక్ష దరఖాస్తు, ఇవన్నీ ఒకే వాక్యంలో, కామాలు పెట్టుకుంటూ, ఎక్కడా ఊపిరి పీల్చుకోకుండా రాసుకుపోయావు. ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాను. చేతుల నిండా సామాను పట్టుకుని, గొళ్లెం తీయడానికి వేలు ఖాళీ లేక తలుపు ముందు నిలబడిపోయిన మనిషి గొంతు అందులో వినిపించింది. అలాంటి మనిషికి లోపలికి వెళ్లాలన్న కోరిక లేదని ఎవరూ అనరు; ముందు ఆ సామాను కింద పెట్టమంటారు. నేను చెప్పబోయేది కూడా అదే. ఎలా పెట్టాలో కాస్త వివరంగా చెబుతాను.

రాయడం మొదలుపెట్టిన రోజుల్లో ఈ స్థితికి నేను సోమరితనం అని పేరు పెట్టుకున్నాను. ఆ పేరు పెట్టుకున్నందుకు దిగులు పెరిగిందే తప్ప పేజీ ముందుకు సాగలేదు. పని నడుస్తున్నంతసేపూ విషయాలను అందుబాటులో పట్టి ఉంచే తాత్కాలిక జ్ఞాపకానికి చాలా చిన్న హద్దు ఉందని తర్వాత ఎప్పుడో చదివాను. 1956లో జార్జ్ మిల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆ హద్దు ఏడుకు కాస్త అటూ ఇటూగా ఉంటుందన్నాడు. లోలోపల వల్లె వేసుకోవడం, విడి విషయాలను గుంపులుగా కట్టుకోవడం వంటి ఉపాయాలను పక్కన పెట్టి చూస్తే అది నాలుగు దగ్గరే ఆగిపోతుందని 2001లో నెల్సన్ కోవన్ వాదించాడు. నువ్వు ఆగిపోయిన చోటును ఈ లెక్కతో చూడు. పదేళ్ల తర్వాత అన్న తిరిగివచ్చి తలుపు తడతాడు. ఆ ఒక్క సన్నివేశం రాయడానికి, చెల్లెలు అతడి గురించి అప్పటిదాకా ఏమేం విన్నదో గుర్తుండాలి, ఆ వేళకు ఇంట్లో ఎవరెవరు ఉన్నారో తెలిసి ఉండాలి, కథ ఎవరి కళ్లతో నడుస్తోందో చెదరకుండా చూసుకోవాలి, మొదటి మాట ఎవరి నోట రావాలో తేల్చుకోవాలి. నాలుగు పీటలూ అక్కడే నిండిపోయాయి. నాన్నగారి ఆపరేషన్ తేదీ వచ్చి వాటి మధ్య కూర్చోబోతే, లేచి వెళ్లిపోయేది ఆ చెల్లెలే.

నా రెండో నవల పదమూడో అధ్యాయం దగ్గర ఏడు నెలలు ఆగిపోయింది. రోజూ అదే వేళకు కూర్చునేవాణ్ణి, పెన్సిల్ చెక్కుకునేవాణ్ణి, ముందు రోజు రాసి కొట్టేసిన వాక్యాన్నే కొద్దిగా మార్చి మళ్లీ రాసేవాణ్ణి. ఒక ఉదయం ఆ వాక్యం కూడా రాలేదు. అప్పుడు నవల కాగితాలను పక్కకు జరిపి, ఒక తెల్ల కాగితం తీసుకుని, ఆ క్షణాన నా బుర్రలో తిరుగుతున్న ప్రతి సంగతినీ వరస చూసుకోకుండా రాసుకుంటూ పోయాను. ఇరవై నిమిషాలు పట్టింది. మొత్తం 34 సంగతులు తేలాయి. ఆ కాగితం ఇప్పటికీ నా సొరుగులో ఉంది. ‘కింది దవడ పన్ను, ఎవరికి చూపించుకోవాలి’ అని ఒకటి ఉంది. ‘మేడ గది కిటికీ రెక్క’ అని ఇంకొకటి. ‘రెండో అధ్యాయంలో ఆమెకు పందొమ్మిదేళ్లు, తొమ్మిదిలో ఇరవై రెండు, మధ్యలో గడిచింది ఏడాదే’ అని మరొకటి. నవలకు సంబంధించినవి అన్నీ కలిపి ఆరు మాత్రమే.

మళ్లీ మొదటి నుంచి చదువుకుంటే ఒక విచిత్రం కనిపించింది. పైన ఎక్కడో ‘ముందుమాట’ అని రాసుకున్నాను. పది పంక్తుల కింద ‘అతనికి ఏం చెప్పాలి’ అని ఉంది. అట్టడుగున ‘శుక్రవారం ఫోన్ వస్తే?’ అని ఉంది. మూడూ ఒకటే. ఒక మిత్రుడి కవితా సంపుటికి ముందుమాట రాస్తానని మాట ఇచ్చాను. ఆ కవితలు నన్ను తాకలేదు. తాకినట్టు రాయడానికి మనసొప్పలేదు, తాకలేదని చెప్పడానికి నోరు రాలేదు. నెలల తరబడి అటూ ఇటూ కాకుండా వేలాడిన ఆ ఒక్క సంగతి మూడు పేర్లతో మూడు చోట్ల కూర్చుని ఉంది. ఆ మధ్యాహ్నమే, నేను రాయలేనని, వేరెవరినైనా అడగమని నాలుగు పంక్తుల ఉత్తరం రాసి పంపాను. మిత్రుడు నొచ్చుకున్నాడు, కొన్నాళ్లు మాటలు తగ్గాయి. ఆ సంగతి నీ దగ్గర దాచడం న్యాయం కాదు. మర్నాడు ఉదయం మాత్రం అర పేజీ వచ్చింది. తర్వాత దాన్ని తీసేశాను కూడా. అయినా మూడు వారాల్లో ఆ అధ్యాయం పూర్తయింది.

కాబట్టి ఈ ఉత్తరం చదవడం అయ్యాక నువ్వూ అలా ఒక కాగితం తీసుకో. ఫోన్‌లో వద్దు. రాసేటప్పుడు చిన్నదా పెద్దదా, చెప్పుకోదగినదా కాదా అని ఆలోచించవద్దు. సిగ్గుపడే సంగతులే ఎక్కువ బరువుంటాయని నా అనుభవం. రాయడం ఆగిపోయాక ఒక్కొక్క దాని పక్కన మూడింటిలో ఏదో ఒకటి రాయి: ఈ రోజు చేస్తాను, ఫలానా తేదీన చేస్తాను, చేయను. మూడోది రాయడానికే నీకు చెయ్యి ఆడదని నాకు తెలుసు. పత్రికకు ఇస్తానన్న కథ విషయంలో ఆ మాట రాసే అవసరం ఉందేమో ఆలోచించు. గడువు ముందే చెబితే సంపాదకులు మరో కథ చూసుకుంటారు. ఆఖరు రోజు దాకా నానిస్తే వాళ్లకూ ఇబ్బంది, నీకూ బరువు.

పని పూర్తి కాకుండానే మనసు తేలికపడటం ఎలా సాధ్యమని నీకు అనుమానం రావచ్చు. సగంలో ఆగిన పనులు మనసులో ఎక్కువగా మెదులుతాయని 1927లో బెర్లిన్‌లోని ఒక ప్రయోగశాలలో పనిచేసిన బ్లూమా జైగార్నిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త రాసింది. ఆమె చెప్పిన ఫలితం తర్వాతి పరీక్షల్లో అన్నిసార్లూ నిలబడలేదు. అదే ప్రయోగశాలలో పనిచేసిన మరియా ఓవ్సియాంకినా గమనించినది మాత్రం ఇప్పటికీ గట్టిగానే ఉంది: మధ్యలో ఆపించిన పనిని, ఎవరూ చెప్పకపోయినా, వీలు దొరకగానే మనుషులు మళ్లీ అందుకుంటారు. మనకు పనికివచ్చే సంగతి 2011లో మసికాంపో, బౌమైస్టర్ చేసిన పరీక్షల్లో ఉంది. తీరని పని ఒకటి మనసులో ఉన్నప్పుడు చేతిలో ఉన్న పని చెడుతోంది; ఆ తీరని పనిని ఎప్పుడు, ఎలా చేస్తామో నిర్దిష్టంగా తేల్చుకున్నవాళ్లలో ఆ చెడు చాలావరకు పోయింది. పని అయ్యేదాకా ఆగనక్కరలేదు, దానికి ఒక చోటూ ఒక వేళా దొరికితే మనసు దాన్ని వదిలిపెడుతుంది. తేదీ రాయమన్నది అందుకే. ‘తర్వాత చూద్దాం’ అని రాస్తే అది ఇంకా నీ నెత్తిమీదే ఉన్నట్టు.

నవల లోపలి బరువు కూడా ఒకటి ఉంది. వాక్యం రాస్తూనే అది బాగుందా లేదా అని తూచుకోవడం రెండు పనులను ఒకే చేతికి అప్పగించడం. నీ చిత్తుప్రతి నకలు పంపావు కదా, మొదటి పేజీలో ‘తలుపు’ అన్న మాట తర్వాత ఏడు కొట్టివేతలు లెక్కపెట్టాను. ‘తట్టాడు’, ‘కొట్టాడు’, ‘చప్పుడు చేశాడు’... ఆ మాట ఏదైతేనేం, ఈ వారానికి? దాని కింద గీత గీసి ముందుకు వెళ్లు. ఆ మనిషి ఇంకా బయటే నిలబడి ఉన్నాడు.

ఇక ప్రేరణ గురించి. అది ముందు కలగాలని, కలిగాక కూర్చుందామని ఎదురుచూస్తున్నావు. నేనూ ఎన్నో ఏళ్లు అలాగే ఎదురుచూశాను. నాకు తెలిసినంతవరకు అది పని మొదలైన పది పదిహేను నిమిషాలకు, చెప్పాపెట్టకుండా వచ్చి పక్కన కూర్చుంటుంది. కుంగుబాటుకు చేసే చికిత్సల్లో కూడా, ఉత్సాహం వచ్చేదాకా ఆగకుండా చిన్న చిన్న పనులను ముందుగా దినచర్యలోకి తెచ్చే పద్ధతి ఒకటి 1970ల నుంచీ ఉంది. కాబట్టి మొదలుపెట్టడాన్ని తేలిక చేసుకోవడమే నీ చేతిలో ఉన్న పని. ‘రేపు నవల రాస్తాను’ అనుకుంటే, ఎక్కడ, ఎప్పుడు, ఏం రాయాలో రేపు ఉదయం మళ్లీ తేల్చుకోవాలి. ఆ తేల్చుకోవడంతోనే ఓపిక అయిపోతుంది. ‘స్నానం కాగానే, కిటికీ పక్క కుర్చీలో, తలుపు చప్పుడు విన్న క్షణాన చెల్లెలి చేతులు ఏం చేస్తున్నాయో ఐదు వాక్యాల్లో రాస్తాను’ అని ఈ రాత్రే రాసిపెట్టుకో. ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాననే ఇలాంటి సంకల్పాలకు ఉన్న బలాన్ని పీటర్ గోల్‌విట్జర్ 1999లో వివరంగా రాశాడు. ఐదు వాక్యాలు అయ్యాక ఆపేయాలనిపిస్తే నిశ్చింతగా ఆపేయి.

ఆ అరగంటా ఫోన్ వేరే గదిలో ఉండనీ. ఒక పని మధ్యలోంచి మరో పనికి మారినప్పుడు మనసులో కొంత భాగం పాత పని దగ్గరే మిగిలిపోతుందని సోఫీ లెరాయ్ 2009లో చూపించింది. సందేశం చూడటానికి పట్టేది అర నిమిషమే అయినా, చెల్లెలి చేతుల దగ్గరకు తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందో నువ్వే గమనించు.

అప్పటికీ సాగకపోతే లేచి నడువు. 2014లో ఒపెజో, ష్వార్ట్జ్ అనే ఇద్దరు చేసిన ప్రయోగాల్లో, కూర్చున్నప్పటి కంటే నడుస్తున్నప్పుడు కొత్త ఊహలు ఎక్కువగా వచ్చాయి. ఒకే సరైన జవాబు ఉండే చిక్కుల్లో మాత్రం నడక మేలు చేయలేదు. అన్న మొదటి మాట ఏమిటో నడుస్తూ వెతుక్కో, అతడు వెళ్లిపోయిన సంవత్సరాల లెక్క కూర్చుని సరిచూసుకో. నిద్ర తగ్గించి రాయడం గురించి నేను చెప్పేది ఒక్కటే: అలా రాసిన పేజీలన్నీ నేను తర్వాత మళ్లీ రాయవలసి వచ్చింది.

ఒక మాట జాగ్రత్తగా విను, అమ్మా. పైన చెప్పినవన్నీ బరువెక్కిన మనసుకు సంబంధించినవి. నవల ఒక్కటే కాక, నీకు ఇష్టమైనవేవీ రుచించకుండా, నిద్ర చెడి, దిగులు రోజంతా వదలకుండా రెండు వారాలకు మించి సాగితే, ఈ కాగితాలూ తేదీలూ చాలవు. అప్పుడు వైద్యుల దగ్గరకు వెళ్లాలి. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి తొంగిచూసినా రెండు వారాల లెక్క పెట్టుకోకుండా ఆ రోజే ఎవరికైనా చెప్పు. నాకు ఏ వేళకు ఫోన్ చేసినా తీస్తాను. రచయితలకు వేదన తప్పదని, దాన్ని మోస్తేనే రచన పండుతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. అలా నమ్మి వైద్యం వాయిదా వేసుకున్నవాళ్లను చూశాను, వాళ్లు రాయవలసిన పుస్తకాలు రాలేదు.

నాన్నగారి ఆపరేషన్ తేదీ ఖాయమయ్యాక తెలియజేయి. ఆ వారం నవలకు సెలవు ఇవ్వు, సెలవు అని కాగితం మీద రాసి మరీ ఇవ్వు. ఈ లోపు చెల్లెలి చేతుల గురించి రాసే ఐదు వాక్యాలు నాకు పంపు. శుద్ధప్రతి రాయనక్కరలేదు, కొట్టివేతలతో సహా పంపు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి