ఒక్కడినే తిరగడం ఇష్టం, ఇది డిప్రెషనా?

"ఆదివారం ఫ్రెండ్స్ పిలిచినా వెళ్ళబుద్ధి కావట్లేదు, ఒక్కడినే తిరిగితే హాయిగా ఉంది, ఇది డిప్రెషనా?" అని అడిగారు. మీరు రాసినదాన్ని బట్టి నాకలా అనిపించలేదు. డిప్రెషన్‌లో ఒక్కళ్ళే ఉన్నా ఆ హాయి దొరకడం కష్టం.

నేనూ ఇదే బాపతు. చిక్కడపల్లిలో మా ఇంట్లో గది తలుపేసుకుంటే చాలు, "ఏమైందిరా, ఒంట్లో బాలేదా?" అని అమ్మ వచ్చేస్తుంది. అందుకే ఆఫీసయ్యాక ఆబిడ్స్ వైపు ఒక ఇరానీ హోటల్లో కూర్చుంటాను. బల్లకి అటువైపు ఎవరో పెద్దాయన చాయ్‌ని సాసర్‌లో ఒంపుకుని, ఊదుకుంటూ ఉర్దూ పేపర్ తిరగేస్తుంటారు. నేను ఉస్మానియా బిస్కెట్ ముంచుకుంటాను. ఆయన నన్ను పలకరించరు, నేను ఆయన్ని కదిలించను. చుట్టూ గిన్నెల చప్పుడు, అరుపులు, అయినా నా ఆలోచనలకు ఎవరూ అడ్డురారు.

డొనాల్డ్ విన్నికాట్ అనే బ్రిటిష్ మనోవిశ్లేషకుడు 1958లో దీని మీదే ఒక వ్యాసం రాశాడు. అమ్మ పక్కనే ఉందన్న ధీమాతో తన లోకంలో తానుండే పసివాడికే, పెద్దయ్యాక ఒంటరిగా ఉండటం చేతనవుతుందంటాడు. అంటే ఈ ఇష్టం మనుషులంటే పడక వచ్చేది కాదు, మనకంటూ మనుషులున్నారన్న నమ్మకంతో వచ్చేది. ఇంట్రోవర్ట్, ఎక్స్‌ట్రోవర్ట్ లెక్కల కంటే నాకిదే సబబుగా తోస్తుంది. పెళ్ళిళ్ళలో గొంతు పోయేదాకా వాగే రకాన్ని మరి!

ఫోన్ మాత్రం జేబులోనే ఉంచండి. మొదట్లో చెయ్యి ఊరుకోదు. 2014లో వర్జీనియా యూనివర్సిటీ వాళ్ళు కొందరిని పావుగంట ఖాళీ గదిలో కూర్చోబెట్టి, పక్కన కరెంటు షాకిచ్చే బటన్ పెట్టారు. ఆ షాక్ తప్పించుకోవడానికి డబ్బులైనా ఇస్తామన్నవాళ్ళలోనే, 18 మంది మగవాళ్ళలో 12 మంది, 24 మంది ఆడవాళ్ళలో ఆరుగురు నొక్కేసుకున్నారు. ఖాళీగా కూర్చోవడం అంత కష్టం అందరికీ. అలవాటయ్యాక బాగుంటుంది.

వెళ్ళాలని ఉన్నా మనుషుల్లోకి వెళ్ళలేకపోతున్నా, నిద్ర, తిండి చెడినా అది వేరే సంగతి. డాక్టర్‌కి చూపించుకోండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇక మీ ఫ్రెండ్స్‌కి తలనొప్పి, జ్వరం అని సాకులు చెప్పకండి. "ఈ వారం కాదురా, వచ్చే ఆదివారం వస్తా" అనండి. అన్నాక వెళ్ళండి, బిర్యానీ వాళ్ళ చేత పెట్టించుకోండి.