ఫార్మాలో డీఓఈ ఉద్యోగానికి అనోవా ఒక్కటే చాలదు

ప్రశ్న: ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చివరి ఏడాదిలో ఉన్నాను. ఫార్మా కంపెనీల్లో డిజైన్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంట్స్ (డీఓఈ) పని చేయాలనుంది. అవకాశాలుంటాయా? ఏం నేర్చుకోవాలి?

జవాబు: ఉంటాయి. ఔషధ నియంత్రణ ప్రమాణాల అంతర్జాతీయ సంస్థ ఐసీహెచ్ నుంచి క్యూ8 (ఔషధ అభివృద్ధి) మార్గదర్శకాలు వచ్చాక ఫార్ములేషన్ ఆర్ అండ్ డీలో డీఓఈ వాడకం పెరిగింది. కాకపోతే అక్కడ మీకు పోటీ ఎంఫార్మసీ వాళ్లతో. మినీట్యాబ్ సాఫ్ట్‌వేర్‌లో డిజైన్ వేసి అనోవా (వేరియేషన్‌ను కారణాలవారీగా విడదీసే విశ్లేషణ) టేబుల్ తీయడం వాళ్లకూ వచ్చు. వేరియేషన్ ఏ దశలో పుడుతోందో పసిగట్టి, దానికి తగ్గ ఎర్రర్ టర్మ్ (ఫ్యాక్టర్ల వల్ల కాని తేడాను కొలిచే భాగం) మోడల్‌లో పెట్టగలిగితేనే మీ అవసరం తెలుస్తుంది.

ట్యాబ్లెట్ తయారీనే తీసుకోండి. గ్రాన్యులేషన్‌లో (పొడిని తడిపి రేణువులుగా చేసే దశలో) కలిపే నీరు, మిక్సింగ్ సమయం బ్యాచ్‌కు ఒకసారే మారతాయి. కంప్రెషన్ ఫోర్స్‌ను మాత్రం అదే బ్యాచ్‌ను రెండు భాగాలు చేసి మార్చొచ్చు. ఒక్కో ఫ్యాక్టర్‌కు రెండు లెవెల్స్, నీరు, సమయాల నాలుగు కలయికలకు రెండేసి చొప్పున మొత్తం 8 బ్యాచ్‌లు, సగం చేశాక 16 రన్‌లు. పూర్తిగా ర్యాండమైజ్ చేసినట్టు విశ్లేషిస్తే ఎర్రర్‌కు 8 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (ఎర్రర్‌ను అంచనా వేయడానికి మిగిలే స్వతంత్ర పోలికలు) వస్తాయి. కానీ నీటి ప్రభావాన్ని పోల్చాల్సింది బ్యాచ్‌ల మధ్య తేడాతో. అక్కడ మిగిలేవి 4 మాత్రమే. ఇది మరిస్తే లేని నీటి ప్రభావం ఉన్నట్టు, ఉన్న ఫోర్స్ ప్రభావం లేనట్టు తేలవచ్చు. ఇలా కొన్ని ఫ్యాక్టర్లు బ్యాచ్‌కు ఒకసారి, మరికొన్ని బ్యాచ్ లోపల మారే డిజైనే స్ప్లిట్ ప్లాట్. వ్యవసాయ ప్రయోగాల్లో పుట్టిన పేరు కావడంతో క్లాసులో నీటి తడులు, ఎరువులతోనే సరిపెట్టేస్తారు. ఫ్యాక్టరీలో అది నిత్యం ఎదురయ్యేదే.

ఇంకో పొరపాటు, ఒకే రన్‌లో తీసిన 20 ట్యాబ్లెట్లను 20 రెప్లికేట్లుగా (విడివిడిగా మళ్లీ చేసిన రన్‌లుగా) లెక్కించడం. అవి చెప్పేది ఆ రన్ లోపలి చెదురును. దాన్నీ వృథా చేయొద్దు. ప్రతి రన్‌కూ బరువుల స్టాండర్డ్ డీవియేషన్ కట్టి, దాని లాగ్‌ను రెండో రెస్పాన్స్‌గా (కొలిచే ఫలితంగా) మోడల్ చేయండి. సగటును ఏది జరుపుతోందో, చెదురును ఏది తగ్గిస్తోందో విడివిడిగా బయటపడతాయి.

సాఫ్ట్‌వేర్‌కు డబ్బు పెట్టక్కర్లేదు. ‘ఆర్’లో ఎల్‌ఎమ్‌ఈ4 ప్యాకేజీ తీసుకుని, బ్యాచ్‌ను ర్యాండమ్ ఎఫెక్ట్‌గా పెట్టి రెమ్ల్ (బ్యాచ్‌ల మధ్య, బ్యాచ్ లోపల తేడాలను విడిగా అంచనా వేసే) పద్ధతిలో ఫిట్ చేయడం సాధన చేయండి. పై చదువులపై ఆసక్తి ఉంటే కోల్‌కతా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్‌ఐ)లో ఎంటెక్ క్వాలిటీ, రిలయబిలిటీ అండ్ ఆపరేషన్స్ రీసెర్చ్ ఉంది. అర్హతలు ఆ ఏడాది ప్రకటనలో చూసుకోండి.

ఈలోగా దగ్గర్లోని ఫార్మసీ కాలేజీలో ఎవరి ప్రాజెక్టుకైనా డిజైన్ వేసి ఇవ్వండి. మీరిచ్చిన రన్ ఆర్డర్ పక్కనే వాళ్లు నిజంగా చేసిన క్రమం కూడా రాయించుకోండి. రెండూ కలవకపోతే, విశ్లేషణ చేయాల్సింది రెండోదాని ప్రకారం.