తోటల హద్దులే వీధులయ్యాయి

ప్రశ్న: అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ నగర పటంలో ఎగువ పేటల వీధులు మిసిసిపి నది దగ్గర ఎడంగా మొదలై, లోపలికి పోయేకొద్దీ దగ్గరవుతాయి. కొన్నిచోట్ల ఉన్నట్టుండి కోణం మారుతుంది. అక్కడ పూర్వం ఉన్న తోటలకూ (బానిసలతో సాగుచేయించిన పెద్ద కమతాలకూ) దీనికీ సంబంధం ఉందా?

జవాబు: ఉంది. ఆ గీతలకు మూలం అక్కడ వలస స్థాపించిన ఫ్రెంచివాళ్ల భూమి పంపకం. మిసిసిపి వరద ఒండ్రును ఒడ్డునే ఎక్కువగా దింపుతుంది. అందువల్ల నది పక్కన మెరక, వెనక పల్లం, ఆపైన చిత్తడి అడవి. పంటకు మెరక, సరుకుకు రేవు, కలపకు అడవి మూడూ ప్రతి తోటకూ దక్కాలని నేలను సన్నని పట్టీలుగా కోశారు. కొలత ఆర్పాన్, అంటే సుమారు 192 అడుగులు. ఒడ్డు వెంట కొన్ని ఆర్పాన్లు, లోపలికి మామూలుగా 40, అంటే దాదాపు ఒకటిన్నర మైలు. హద్దులు నదికి లంబంగా గీశారు కాబట్టి, వంపు లోపలివైపు పట్టీలు విసనకర్ర పుల్లల్లా వెనక ఒకచోటికి చేరాయి.

1788 మార్చి 21న నగరంలో జరిగిన అగ్నిప్రమాదంలో 856 కట్టడాలు కాలిపోయాయి. ఆ ఏడే గ్రావియే కుటుంబం తమ తోటను స్థలాలుగా కోసి అమ్మకానికి పెట్టింది. 1805లో బెర్నార్డ్ మారిన్యీ, 1832లో లివోదే తోట కొన్నవాళ్లు అదే పని చేశారు. ఎవరి తోటకు వాళ్లే సర్వేయరును పెట్టుకున్నారు, పక్కతోట గీతలతో కలపాలన్న పట్టింపు లేదు. అందుకే వీధి హఠాత్తుగా వంగినచోట పాత తోట హద్దు ఉందేమో చూడండి, చాలాసార్లు దొరుకుతుంది. కాలువలూ రోడ్లయ్యాయి: మారిన్యీ రంపపు మిల్లు కాలువ దారే నేటి ఎలీసియన్ ఫీల్డ్స్ అవెన్యూ. 1831లో దాని వెంబడే పాంట్‌చార్‌ట్రెయిన్ సరస్సు దాకా రైలు వేశారు.

లివోదే తోటలో మొదట ఒక్కో బ్లాకుకు నాలుగే పెద్ద స్థలాలు. ఇంటి చుట్టూ అంత తోట ఉండటంతోనే దానికి గార్డెన్ డిస్ట్రిక్ట్ అని పేరొచ్చింది. తర్వాత ఆ తోటలనూ ముక్కలు చేసి అమ్మారు. పెద్ద భవనాల మధ్య ఇరుకుగా కనిపించే ఇళ్లు అలా వచ్చినవే.

ప్రశ్న: ఆ తోటల్లో పనిచేసిన బానిసల ఆనవాళ్లు మిగిలాయా?

జవాబు: వీధులకు ఎక్కువగా యజమానుల పేర్లే దక్కాయి, ఇది బాధాకరం. త్రెమే పేటను ఆనుకొని ఉన్న కాంగో స్క్వేర్ మాత్రం నిలిచింది. ఆదివారాల్లో బానిసలు అక్కడ చేరి సరుకులు అమ్ముకునేవారు, డప్పులతో ఆడిపాడేవారు. ఇప్పుడది లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పార్కులో ఉంది. పేర్లు కావాలంటే నగర నోటరీ పత్రాల భాండాగారం చూడాలి. అందులో స్థలాల క్రయపత్రాలతోపాటు మనుషుల్ని అమ్మిన పత్రాలూ భద్రంగా ఉన్నాయి. పాతవి ఫ్రెంచి, స్పానిష్‌ల్లో ఉంటాయి. నోటరీ పేరు, తేదీ తెలిస్తే వెతకడం సులువు.